నా కూతురి ప్రార్థన తగ్గిపోయిన క్రమం

మా అల్లుడు అది వర్షాకాలంలో మొదలైందంటాడు. కాదు. ఈస్టరుకి ముందు వచ్చే లెంట్ ఉపవాసాల రోజుల్లోనే మొదలైంది. గుడ్ ఫ్రైడేకి ముందు బుధవారానికి కొసకి కూడా వచ్చేసింది. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో తన వంతు రాగానే నా కూతురు "ప్రభువా, అందరినీ కాపాడు, ఆమెన్" అని కళ్లు తెరిచేసింది. నేనింకా తల వంచుకునే ఉన్నాను. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. ఏదైనా ఎక్కడ మొదలైందో తేలకపోతే నాకు తోచదు. అల్లుడితో ఈ విషయంలో ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాను.

హెబ్బగోడి అనే కన్నడ ఊళ్లో మాది అద్దె ఇల్లు. కూతురు ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నర్సు. అల్లుడు దగ్గర్లోని ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మావారు పోయాక నేను గుంటూరు నుంచి వీళ్ల దగ్గరికి వచ్చేశాను. భోజనాలకు ముందు ముగ్గురం చాప పరుచుకుని కూర్చుంటాం. ఒక పాట, ఒక అధ్యాయం, ఆ తర్వాత ఒకరి వెనక ఒకరం ప్రార్థన చేస్తాం.

అందరిలోకీ పొడుగు ప్రార్థన నా కూతురిదే ఉండేది. రోగుల పేర్లు బయట చెప్పకూడదు కాబట్టి బెడ్ల వారీగా దేవుడికి చెప్పుకునేది. నాలుగో బెడ్ అమ్మమ్మకి ఊపిరి అందాలి, చింతామణి ఊరి నుంచి ఆమె చెల్లెలు చూడ్డానికి రావాలి. ఏడో బెడ్ ఆటో అతని భార్య అధైర్యపడకూడదు. కిటికీ పక్క కుర్రాడు ఇవాళ కళ్లు తెరిచాడు, స్తోత్రం. కూర చల్లారిపోతోందని అల్లుడు గొంతు సవరించుకునేవాడు.

"దేవుడికి డ్యూటీ అప్పజెప్తున్నావా ఏంటి?" అని ఒకరోజు ఎగతాళి చేశాడు.

"అవును. నాకు రిలీవర్ ఆయనే గదా," అంది.

ఆ ప్రార్థన ఒక్కసారిగా చిన్నదైపోలేదు. మొదట అందులోంచి చెల్లెళ్లూ భార్యలూ పోయారు. రోగులు మాత్రమే మిగిలారు. తర్వాత బెడ్ నంబర్లు పోయి 'మా వార్డు' అయింది. చివరికి 'అందరినీ'. ఆ వరస నాకు తెలుస్తూనే ఉంది. నైట్ డ్యూటీలు ఎక్కువైనప్పుడు మనిషి అలసిపోవడం మామూలే కదా అనుకున్నాను.

రెండో సంగతి నాకు మా ఇంటి ఓనరమ్మ చెప్పింది. వాళ్లు తాతల నాటి నుంచి ఇక్కడి తెలుగువాళ్లు, పై అంతస్తులో ఉంటారు.

"ఏమమ్మా, మీ పాప దినామూ డ్యూటీ నుంచి వచ్చి మెట్లకాడనే కూర్చోనుంటాది. లోపలికి రాదు. ఇంట్లో ఏమన్నా జగడమా?"

"జగడమేం లేదండీ."

"అట్లయితే బాగా బేజారయి ఉండాది. ముందంతా నన్ను చూస్తే నిలబెట్టి మరీ బీపీ చూస్తా ఉండె. ఇప్పుడు పలకరిస్తే ఊ అంటాది, అంతే."

మర్నాడు నేనే తలుపు తీసి చూశాను. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, చెప్పులు విప్పకుండా కూర్చుని ఉంది. ఎందుకు తల్లీ ఇక్కడ అంటే, "ఇక్కడైతే కాసేపు నన్నెవరూ ఏమీ అడగరమ్మా," అంది. నేను అడగడం మానేసి లోపలికి వచ్చేశాను.

మూడోది భోజనాల దగ్గర. "ఇవాళ ఇద్దరు పోయారు. పప్పులో ఉప్పు తక్కువైంది," అంది. రెండు మాటలూ ఒకే గొంతుతో. అల్లుడు ఉప్పు డబ్బా జరిపి నా వంక చూశాడు. ఆ రోజు మా ఇద్దరికీ భయం వేసింది. తను జబ్బు పడుతుందని కాదు నా భయం. జబ్బయితే నయమవుతుంది. మంచం మీద ఉన్న మనిషి ఎవరో తనకి పట్టని చోటికి నా కూతురు నడిచిపోతోంది, అక్కణ్నుంచి మళ్లీ తిరిగొస్తుందా అన్నదే భయం.

ఆ ఆదివారం అల్లుడు చర్చిలో లేచి నిలబడి ప్రార్థన కోరాడు. ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు నా చేతులు పట్టుకున్నారు. "అమ్మాయికి ఆత్మబలం కావాలి టీచరమ్మా. ఆమెకి సెలవు ఏ రోజో చెప్పండి, ఆ రోజే మీ ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుందాం."

ఏ రోజో నేను చెప్పాను. ఇంట్లో ఒకరికి బాగా లేకపోతే ఆ మనిషిని మధ్యలో కూర్చోబెట్టుకుని ప్రార్థించడం మాలో ఎప్పటి నుంచో ఉన్నదే. అలా ఆమెకి వారంలో దొరికే ఒక్క సెలవురోజూ కూటానికి పోయింది. పైనుంచి కుర్చీలు దించాలి, ఇల్లు తుడవాలి, ఉప్మా, టీ చూడాలి. నేను చేస్తానన్నా వినదు. ఇంటికొచ్చినవాళ్లు చూస్తుండగా తల్లి చేత పని చేయించే పిల్ల కాదు. పాటలయ్యాక దేవుడు తనకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటారు. "అలుపన్నది ఎరగని బిడ్డ మన సంఘంలో ఈమె ఒక్కతే," అని పాస్టరమ్మగారు తల మీద చెయ్యి వేసేవారు. నా కూతురు అందరికీ వందనాలని చెప్పి గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లేది.

ఆసుపత్రివాళ్లు కూడా ఊరుకోలేదు. ఒత్తిడిని తట్టుకోవడం ఎలాగో చెప్పే క్లాసు పెట్టారు. డ్యూటీ దిగాక, అందరూ తప్పకుండా రావాలని.

"ఏం చెప్పారే?" అన్నాను.

"గాలి పీల్చుకోమన్నారు."

"ఇంకా?"

"వదలమన్నారు."

నా వంతు వైద్యం నేనూ చేశాను. పొద్దున్నే నడవమని లేపేదాన్ని, రాగిజావ తాగేదాకా గ్లాసు పట్టుకుని నిలబడేదాన్ని. చర్చి ఒకటి కలిపింది, ఆసుపత్రి ఒకటి కలిపింది, నేనొకటి కలిపాను. ఆ మనిషి మీదున్న వాటిలోంచి ఏదైనా తీసేద్దామని ఒక్కరికీ తోచలేదు.

ఒక సెలవురోజు లేచి చూస్తే యూనిఫాం వేసుకుని జడ చుట్టుకుంటోంది.

"ఇవాళ ఆఫ్ కదా?"

"ఎవరో రాలేదంటమ్మా. నేనొస్తానన్నాను."

"పాస్టరమ్మగారూ వాళ్లూ వస్తారే."

"అందుకే వెళ్తున్నాను. ఐసీయూలో నన్ను పాట పాడమనేవాళ్లు లేరు," అని నవ్వింది. నవ్వు బాగానే ఉంది. ఆ తర్వాత సెలవులన్నీ అలాగే ఇచ్చేసుకుంది. కూటం మాత్రం ఆమె లేకుండానే, ఆమె కోసం జరిగేది.

చివరికి నేనే వెళ్లి ఇక చాలించమని పాస్టరమ్మగారికి చెప్పాను.

"మేలు జరిగే సమయానికే సైతాను ఆపుతాడు టీచరమ్మా."

"సైతాను కాదమ్మగారూ, ఉప్మా," అన్నాను.

ఆవిడకి కోపం వచ్చింది. ఇప్పుడు చర్చిలో మా వరసలో ఎవరూ జరిగి చోటివ్వరు. "నలుగురిలో ఎలా తిరగాలి అత్తయ్యా?" అని అల్లుడు కొన్నాళ్లు నాతో ముక్తసరిగా ఉన్నాడు. ఓపీకి మార్చమని నా కూతురి చేత అడిగించాను. ఐసీయూకి ఇంకొకరు దొరికితే మారుస్తామన్నారు. ఐసీయూ పని నేర్చినవాళ్లు గల్ఫ్‌కి పోతున్నారు, కొత్తవాళ్లు నిలవడం లేదు. రెండోసారి అడగమంటే, "ఎందుకమ్మా, అక్కడైనా నేనే గదా వెళ్లేది," అంది.

ఇప్పుడు సెలవురోజు సెలవుగానే ఉంది. ఎవరూ రారు. నడవమని నేను లేపను. తను మంచం అంచున కూర్చుంటుంది, చేతిలో ఫోను ఉంటుంది, వెలగదు. విశ్రాంతి దొరికితే మనిషి తిరిగొస్తుందనుకున్నాను. ఖాళీ దొరికింది, అంతే.

మొన్న సాయంత్రం చాప పరిచాక, "నీ వంతు కూడా నేనే చేస్తాను, నువ్వు ఊరికే కూర్చో," అన్నాను. సరేనంది. నాకు గుర్తున్న బెడ్లన్నీ వరసగా చెప్పుకుంటూ వెళ్లాను.

"నాలుగో బెడ్ అమ్మమ్మకి ఊపిరి అందించు ప్రభువా."

"ఆవిడ ఎప్పుడో పోయిందమ్మా," అంది.

నేను కళ్లు తెరవలేదు. "ఇప్పుడు ఆ బెడ్ మీద ఎవరున్నారు?"

ఆలోచించింది. పొద్దుటి నుంచి ఆ బెడ్ పక్కనే నిలబడి వచ్చిన మనిషి.

"ఎవరో ఉన్నారు," అంది.

ఆ ఎవరో కోసం ప్రార్థించి ఆమెన్ అన్నాను. అల్లుడూ ఆమెన్ అన్నాడు. కళ్లు తెరిచేసరికి నా కూతురు అప్పటికే లేచి కంచాలు తెస్తోంది.