పిల్ల ఎవరి మాట వింటుంది

మా తాతయ్య ట్రక్కుకు ముప్పై రెండేళ్లు. ఆయన మాత్రం దాన్ని ఇప్పటికీ "పిల్ల" అనే పిలుస్తాడు. వడ్రంగి కొట్లోంచి తలుపులు, కిటికీలు ఎక్కించుకుని ఊరంతా తిరగడం దాని పని. పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, ట్యాంకులో పుల్ల ముంచి చూస్తాడు.

దాన్ని స్టార్టు చేయడం పెద్ద తంతు. యాక్సిలరేటరు మూడుసార్లు గట్టిగా తొక్కాలి, డ్యాష్‌బోర్డు మీద రెండు దెబ్బలు వేయాలి, "పద తల్లీ" అని బతిమాలాలి, అప్పుడు తాళం తిప్పాలి. నాలుగోసారికో ఐదోసారికో అది దగ్గుతూ లేచేది. "పరాయి చెయ్యి పడితే ఉలకదు, పలకదు" అని మురిసిపోయేవాడు.

తాతయ్యకు మోకాలి ఆపరేషన్ అయ్యాక, రెండు నెలలు క్లచ్ తొక్కొద్దన్నాడు డాక్టరు. తాళం మా పిన్ని చేతికి వెళ్లింది. మొదటి రోజు కూతురి తిప్పలు చూద్దామని తాతయ్య వరండాలో కుర్చీ వేయించుకున్నాడు. పిలిస్తే వెళ్లడానికి చేతికర్ర కూడా దగ్గరే పెట్టుకున్నాడు.

పిన్ని ఎక్కింది. తాళం తిప్పింది. బండి ఒక్క పిలుపుకే లేచి వెళ్లిపోయింది.

మర్నాడూ అంతే. మూడో రోజుకి తాతయ్యకు ఉక్రోషం వచ్చింది.

"కంటికి రెప్పలా చూసుకున్నాను. నాకు ఏనాడైనా ఇలా పలికిందా?" అని అమ్మమ్మ దగ్గర వాపోయాడు.

"నలభై ఏళ్లలో నా గురించి ఇంత బాధ పడలేదు మీరు" అంది అమ్మమ్మ బట్టలు మడతపెడుతూ.

సాయంత్రం పిన్నిని నిలదీశాడు. "ఏం మార్పించావే దానికి?"

"ఏమీ లేదు నాన్నా. తాళం తిప్పుతాను, లేస్తుంది."

"దెబ్బలు వేశావా?"

"ఎందుకూ, అదేం పాపం చేసిందని?"

పైగా వడ్రంగి ఫోను చేసి, "పెద్దాయనా, నిదానంగా కోలుకోండి. అమ్మాయి టైముకి వచ్చేస్తోంది" అన్నాడు. ఆ "నిదానంగా" తాతయ్యకు ముల్లులా గుచ్చుకుంది. బండి ఇక తన చేతికి రాదేమోనని బెంగ పట్టుకుంది.

రెండు నెలలు నిండిన పొద్దున, పెళ్లిచూపులకు వెళ్లేవాడిలా తల దువ్వుకుని డ్రైవరు సీటెక్కాడు. పిన్ని పక్కన కూర్చుంది. మూడు తొక్కులు, రెండు దెబ్బలు, "పద తల్లీ". ఐదుసార్లు తిప్పినా కదలిక లేదు. పెట్రోలు కంపు గుప్పుమంది.

"తొక్కి తొక్కి దాని గొంతులో పెట్రోలు పోసేస్తున్నారు నాన్నా. కాసేపాగి, కాలు తీసి తిప్పండి."

తాతయ్య పది నిమిషాలు గడియారం చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కాలు తీసి తిప్పాడు. బండి లేచింది. ఇన్నేళ్లూ మొండికేసింది ఎవరో ఆయనకు తెలిసిపోయింది, ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు.

సందు చివరికి చేరేసరికి మోకాలు కలుక్కుమంది. ఇంజిన్ ఆపి, పిన్నితో సీటు మారాడు. పిన్ని తాళం పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఏం, తిప్పవేం?"

"మీరు కొట్టాలిగా."

తాతయ్య ఆమె ముఖంలో నవ్వు కోసం వెతికాడు. కనబడలేదు. డ్యాష్‌బోర్డు మీద రెండు దెబ్బలు వేశాడు. పిన్ని తిప్పింది, పిల్ల లేచింది.

"చూశావా" అన్నాడు తాతయ్య, కాలు చాపుకుని. "నా చెయ్యి పడాలి."