లేని ఉత్తరీయం

మచిలీపట్నం కేబుల్ చానల్ వారి చర్చకు ఇద్దరం వెళ్లాం. సౌర విద్యుత్ విధానం గురించి చెప్పడానికి నేను, తన చారిత్రక పద్యనాటకం గురించి చెప్పడానికి కూచిపూడి వైపు నటుడొకాయన. చూడమని నేను బంధువులందరికీ ఫోన్లు చేశాను. ఆయన భుజాన ఉత్తరీయం లేదు. అయినా నోరు తెరిచే ముందు ప్రతిసారీ దాన్ని వెనక్కి విసిరేవాడు.

దివిసీమ రైతుల సోలార్ పంపుల సంగతి నేను ఎత్తుకోగానే, "సూర్యుడంటే గుర్తొచ్చిందండీ!" అంటూ ఆయన పద్యం అందుకున్నాడు. కెమెరామన్ "వన్స్ మోర్!" అని అరిచాడు. మా వైపు ఆ మాట విన్నాక మళ్లీ పాడకపోవడం మర్యాద కాదు. పాడాడు. రాగం, చర్చ కలిసే ముగిశాయి. ఆ గొంతు నాకుంటే ఆ పంపులు ఈపాటికి పొలాల్లో ఉండేవి.

గుడివాడలో ఇల్లు చేరగానే మా ఆవిడ ఎదురొచ్చింది.

"ఎంత బాగా చేశారండీ!"

"ఏది?" అన్నాను ఆశగా.

"అదే, ఆయన పాడుతున్నంతసేపూ తల ఊపడం."