అక్క సీటు, తొలకరి పదును

మా ఊరి బడిలో నోటీసంటే కాగితం కాదు, మా అక్క గొంతు. చదవడం వచ్చిన పెద్దవాళ్లు తక్కువ కాబట్టి సారు చెప్పిన కబురును ఐదో తరగతి పిల్లలు వీధివీధీ తిరిగి అరిచేవాళ్లు. "రేపు బియ్యం ఇస్తారు, సంచులు తెచ్చుకోవల్ల!" "ఆదివారం పోలియో చుక్కలు, చంటిబిడ్డల్ని ఎత్తుకొని రావల్ల!" అక్క ముందు నడిచేది. రెండో తరగతిదాన్ని, నేను వెనకాల పరిగెత్తేదాన్ని. "నీ గొంతుకు దయ్యాలు కూడా ఊరు ఇడిసి పోతాయే" అని ముసలమ్మలు నవ్వేవాళ్లు.

అయితే ఆ కబురులోని రోజును ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. రేపన్న బియ్యం ఎల్లుండి పోయినా ఇచ్చేవాళ్లు మరి. బడి పనంటే ఒకరోజు అటూ ఇటూ అని ఊరంతటికీ అలవాటైపోయింది. ఆ అలవాటే మా కొంప ముంచింది.

తొంభైల చివర్లో ఒక జూన్ నెల. మండలంలోని ఆడపిల్లల హాస్టల్ బడిలో అక్కకు సీటు వచ్చిందని సారు చెప్పారు. సోమవారం సాయంత్రంలోగా అమ్మో నాయనో అక్కడికి పోయి వేలిముద్ర వేయాలి. మా ఊళ్లో ఐదుతో చదువు సరి. ఆ రోజు అక్క తన కబురు తానే వీధంతా అరిచింది. "సోమవారం మా నాయన నన్ను హాస్టల్ బడిలో చేర్పిస్తాడు!" ఎంత సంతోషమో ఆ పిచ్చిదానికి!

ఆదివారం పొద్దుగూకే వేళకు వాన కొట్టింది. అదీ ఎన్నాళ్లకో! తెల్లారేసరికి ఊరంతా శెనిక్కాయ విత్తనాలతో చేలల్లో ఉంది. నాయన పక్కింటివాళ్ల ఎద్దులు అడిగి తెచ్చి గొర్రు కట్టాడు. అమ్మ వెనక నడుస్తూ విత్తనం వేస్తోంది. ఉతికిన గౌను వేసుకొని, జడలు వేసుకొని అక్క గట్టు మీద నిలబడింది.

సారు అక్కడికే వచ్చారు. "ఏమప్పా, బస్సుకు టైమైతాంది. రావా?"

"నేల పదును మీద ఉండాది సార్, తడి ఆరేలోగా విత్తల్ల. ఎద్దులు ఈ ఒక్క రోజుకే ఇచ్చినారు. రేప్పొద్దున్నే పోయి వేలిముద్ర వేస్తాలే."

"బియ్యం కాదప్పా ఇది! ఈ పొద్దు దాటితే సీటు ఇంకొకరికి పోతాది."

అమ్మ ఆగింది. "నేను పోయొస్తా" అంది.

"నువ్వు పోతే విత్తనం ఎవరేస్తారు? ఒక్క రోజుకు ఏమైతాదిలే" అన్నాడు నాయన. అమ్మ ఒడిలో విత్తనం పట్టుకొని కాసేపు అక్కనే చూసింది. తర్వాత గొర్రు వెనక నడిచింది.

మంగళవారం మొదటి బస్సుకే నాయన పోయాడు. సీటు వేరే ఊరి పిల్లకు ఇచ్చేశారు. చేతులు జోడించాడట, గొడవపడ్డాడట, ఏమీ కాలేదు. ఇంటికొచ్చి గడప మీద కూలబడితే అక్కే చెంబుతో నీళ్లు ఇచ్చింది. "పోనీలే నాయనా, విత్తనమన్నా పడింది గదా" అంది.

ఆ ఏడు మళ్లీ వాన లేదు. పూత మీదే చేను మాడింది. అక్కా నాయనా కలిసి దాన్ని పశువుల మేతకు పీకారు. నాయన మీద నాకు కోపం రాదు. మా నేల మీద పదును వదులుకున్నవాణ్ణి పిచ్చివాడంటారు. కానీ పొలంలో మట్టి మోసి కాయలు కాసిన అక్క చేతులు చూస్తే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

మూడేళ్లకు అదే హాస్టల్‌లో నాకు సీటు వచ్చింది. నాయన గడువుకు ముందురోజే బయలుదేరదాం అన్నాడు. అక్క నా పెట్టె సర్ది, జడ వేస్తోంది. నిన్ను విడిచి పోనని నేను ఒకటే ఏడుపు.

అక్క జడ గట్టిగా లాగింది. "నోరు మూసుకొని పోవే. నా సీటు పోయినాకనే నాయనకు బుద్ధొచ్చింది. నువ్వూ పోకుంటే, నాది ఉత్తపుణ్యానికి పోయినట్లైతాది."