జొన్నచేన్లో దిగిన లోకం

మా ఎడిటర్ సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కొత్తూరు నుంచి ఆఫీసుకు వస్తున్న బస్సులో ఉన్నాను. కిటికీలోంచి ఒక విమానం దిగుతూ కనిపించింది. దాన్నే చూస్తూ దిగాల్సిన స్టాపు దాటిపోయి ఆరాంఘర్‌లో తేలాను.

దేశదేశాల సంగతులు రాసే ఈ ఆన్‌లైన్ పత్రికను శంషాబాద్‌లో, సార్ ఇంటి డాబా మీది గదిలోంచి నడపడమేమిటని మీలో చాలామంది అడిగారు. సార్ వాళ్ళ జొన్నచేను ఇప్పుడు రన్‌వే కింద ఉంది. "లోకమంత వచ్చి మా చేన్ల దిగుతుంది. ఇంటికొచ్చినోళ్ళను మీ దిక్కు వానలెట్లున్నయని అడగమా?" అనేవారు.

నిజంగానే అడగాలి. చమురు మీద రాసినా, ఎన్నికల మీద రాసినా, ఆ దేశపు మనిషి ఒకరితో మాట్లాడి వానా పంటా కనుక్కుంటే గానీ వ్యాసం వేయనిచ్చేవారు కాదు. నాకు ఒళ్లు మండేది. "అందరు ఏసేసిన్రు సార్, మనమే ఆగినం" అంటే, "ముందుగాల ఉరికినోడు ముందుగాల అలసిపోతడు, జర ఆగు బిడ్డా" అని కళ్ళు మూసుకునేవారు. నిద్రో ఆలోచనో తెలిసేది కాదు. రెండూ కావచ్చు.

పోయిన వానాకాలం సూడాన్ యుద్ధం మీద రాశాను. ఎవరి వెనక ఏ దేశం ఉందో అంతా పెట్టాను. చదివి, "గక్కడ విత్తనం పడ్డదా?" అన్నారు. హిమాయత్ సాగర్ దగ్గర కిరాయికుండి చదువుకుంటున్న సూడాన్ అమ్మాయిని వెతికి తీసుకొచ్చాను. సార్ భార్య, నేను అక్కా అని పిలుస్తాను, జొన్నరొట్టె పెట్టింది. తమ ఇంట్లోనూ జొన్నలేనని వచ్చీరాని ఉర్దూలో చెప్పి ఆ పిల్ల ఏడ్చింది. అక్కడ ఊళ్ళో వాళ్ళమ్మ ఒక్కతే ఉంది. యుద్ధంలో ఫోన్ లైన్లు పోయాయి. విత్తిందో లేదో, అసలుందో లేదో తెలియదు.

తెలియదనే రాసి వ్యాసం వేశాం. సార్ మాత్రం వదల్లేదు. రోజూ పొద్దున ఆ పిల్లకు ఫోన్ చేసి "ఖబరొచ్చిందా బిడ్డా?" అని అడిగేవారు. ఆ పిల్ల ఆయన్ను బాపు అనడం నేర్చుకుంది. సార్ దవాఖానలో చేరాక నన్ను దగ్గరికి పిలిచి, "నేనడగకుంటే ఆ పిల్ల పరేషానైతది. ఇగ నువ్వడుగు" అన్నారు. పత్రిక గురించి ఏమైనా చెప్తారనుకున్నాను. అంతే చెప్పారు. ఆ రోజు నుంచి నేనడిగాను.

సార్ దినాల నాడు ఆ పిల్ల వచ్చింది. పొద్దుననే వాళ్ళమ్మ గొంతు రికార్డయి ఫోన్లో వచ్చిందట. బతికే ఉంది, జొన్నలు విత్తింది. సార్ లేకుండా ఆ మాట వినడం నావల్ల కాలేదు. కూచుని ఏడ్చాను.

అక్క ఆ ఫోన్ అడిగి తీసుకుని చెవికి ఆనించుకుంది.

"వాళ్ళ మాట మనకు తెల్వదు కదక్కా" అన్నాను.

"మాట కాదు, ఎనక వాన కొడుతుంది" అంది.

నాకు ఫోన్ ఇవ్వలేదు. వింటూనే మెల్లగా వాకిట్లోకి నడిచి, పట్టపగటి ఎండలో నిలబడి, తడుస్తున్నట్టుగా కొంగు తలమీదికి లాక్కుంది.