చూశానన్న మాట

ప్రసూతి వార్డులో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ చాదస్తం సిస్టరే. బిడ్డ బయటపడగానే మిగతావాళ్లు హమ్మయ్య అనుకుంటే, ఆవిడ మాత్రం బిడ్డ వెనకాల పడే మాయ కోసం కాచుక్కూర్చునేది. అది పడ్డాక ట్రేలో పరిచి, నెత్తురు కడిగి, ఎక్కడైనా ముక్క ఊడిందేమోనని అంచులన్నీ వేళ్లతో తడిమి చూసేది. పడితే చాలదని, మొత్తం పడాలని, ముక్క లోపల ఉండిపోతే గర్భసంచి ముడుచుకోదని, నెత్తురు ఆగదని కొత్త నర్సుల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరేది. వాళ్లు చాటుగా నవ్వుకునేవాళ్లు. కానీ ఆవిడ చూశానందంటే డాక్టరమ్మ కూడా మళ్లీ చూసేది కాదు. ఆవిడకున్న గొప్పంతా అదే.

ఆవిడ చెల్లెలి తొలికాన్పుకి బిడ్డను పట్టింది ఈ అక్కే. ఇంటినిండా పిల్లలు తిరగాలని చెల్లెలి ఆశ. పిల్ల కెవ్వుమనగానే అక్కకి ఒళ్లు తెలియలేదు. వరండాలో తల్లి ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చుంది కదా అని, పిల్లని గుడ్డలో చుట్టి తానే ఎత్తుకెళ్లింది. ముక్కు ఎవరిది, నుదురు ఎవరిది అని తల్లీకూతుళ్లు మురిసిపోతూ నిలబడిపోయారు. తిరిగొచ్చేసరికి కొత్త నర్సు చేతిలో మాయ పడిపోయింది. ఆయా దాన్ని బకెట్లో మిగతావాటితో కలిపి పట్టుకెళ్లిపోయింది కూడా.

కాసేపటికే చెల్లెలి కింద దుప్పటి తడిసి ముద్దయింది. డాక్టరమ్మ పరుగున వచ్చి పొత్తికడుపు నొక్కుతూ అడిగింది.

"మాయ మొత్తం వచ్చిందా? నువ్వు చూశావా?"

కొత్త నర్సు అక్క మొహంలోకే చూస్తోంది. ఇన్నేళ్లూ ఊదరగొట్టిన మనిషి, సొంత చెల్లెలి దగ్గర, ఆ నర్సు పిల్ల ఎదుట, చూడలేదని ఎలా ఒప్పుకుంటుంది?

"చూశాను. మొత్తం వచ్చింది."

పాడు నోరు, అలా పలికింది. డాక్టరమ్మ ఆ మాట నమ్మి లోపల వెతకలేదు. ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ ఇచ్చింది, రక్తం ఎక్కించింది. ఎంత చేసినా నెత్తురు ఆగలేదు. చివరికి మత్తిచ్చి చెయ్యి పెట్టి చూస్తే ముక్క దొరికింది. అప్పటికే పరిస్థితి చెయ్యి దాటిపోయింది. ప్రాణం దక్కించడానికి గర్భసంచి తీసెయ్యక తప్పలేదు.

"నీ మాట కాకపోతే ముందే చూసేదాన్ని," అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ. ఆ సంగతి ఇంకెవరితోనూ అనలేదు. నలుగురిలో పెట్టి తిట్టి ఉంటే అక్కకి కాస్త ఊపిరాడేదేమో.

ఇంటికెవరొచ్చినా చెల్లెలు పిల్లని ఒళ్లో వేసుకుని అదే చెబుతుంది.

"మా అక్క పక్కనుంది కాబట్టి బతికాను. లేకపోతే ఇది తల్లి లేని పిల్లయ్యేది."

అంటూ అక్క చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంటుంది. అక్క ఆ చెయ్యి వెనక్కి లాక్కోదు. లాక్కుంటే, ఎందుకే అని అడుగుతుంది.