అంచు మచ్చలు

లక్ష్మీనర్సయ్యకు యాభై ఏడేళ్ళు. అందులో ముప్పై మూడేళ్ళు బట్టలో తప్పులు వెతకడంలోనే గడిచిపోయాయి. భివండిలోని గైబీ నగర్‌లో, ఒక మరమగ్గాల కార్ఖానాలో అతను తాకాలు చూసే మనిషి. తాకా అంటే మగ్గం మీంచి దిగిన ఇంకా చలువ చెయ్యని వంద మీటర్ల పచ్చి బట్ట. అద్దం బల్ల కింద ట్యూబులైటు వెలుగుతుంటుంది, బల్ల మీద బట్ట జారుతుంటుంది, అతను నిలబడి చూస్తుంటాడు. తెగిన పోగు, నూనె మరక, ముడి, ఏది కనబడ్డా సుద్దతో గీత పెట్టాలి. పొద్దున ఎనిమిదికి నిలబడితే మళ్ళీ చీకటి పడ్డాకే కూర్చోవడం. కాళ్ళు ఎప్పుడో మొద్దుబారాయి. కళ్ళు మాత్రం ఇంకా పనికొస్తున్నాయి, ఆ కళ్ళ మీదే ఇల్లు గడుస్తోంది.

ఇలాంటి మనిషి పొద్దున ఏడింటికల్లా టెర్రస్ ఎక్కి సూర్యుడి మీద మచ్చలు లెక్కపెడతాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కార్ఖానాలో కడుపారా నవ్వారు కూడా. సేటు తరఫున కార్ఖానా నడిపించే మెహతా అయితే రోజూ ఒకటే మాట, "క్యా కాకా, ఆజ్ సూరజ్ పాస్ హువా క్యా?" ఇవాళ సూర్యుడు పాసయ్యాడా అని. లక్ష్మీనర్సయ్య బదులిచ్చేవాడు కాదు. బదులివ్వాలన్నా ఓపిక ఉండాలి కదా, ఉన్నదాన్ని తాకాలకే దాచుకునేవాడు.

ఈ పిచ్చి పట్టి సరిగ్గా మూడేళ్ళు. ఆ ఏడు దీపావళి మరుసటి రోజు సాయంత్రం సూర్యగ్రహణం వచ్చింది. పెళ్ళాం బుచ్చమ్మ పచ్చడి జాడీల మీద గరిక పెట్టి తలుపు మూసుకుంది. ఒంటి గది ఖోలీలో ఉక్కకు తట్టుకోలేక ఇతను బయటపడ్డాడు. నడుచుకుంటూ నిజాంపురా దాకా పోతే, ఒక బడి మైదానంలో జనం గుమిగూడి ఉన్నారు. ఊళ్ళోని ఖగోళ మండలి వాళ్ళు దూరదర్శిని పెట్టారు. దానికి కన్ను ఆనించడం లేదు ఎవరూ. గొట్టం లోంచి వచ్చిన సూర్యుడు తెల్లటి అట్ట మీద సాసరంత పడ్డాడు. ఒక పక్క గ్రహణం కొరుకుతోంది. పిల్లలంతా ఆ కొరికినవైపే చూసి కేరింతలు కొడుతుంటే, లక్ష్మీనర్సయ్య వెనక నిలబడి మిగిలిన సూర్యుడిని చూశాడు. అలవాటు ఎక్కడికి పోతుంది.

"గీడ రెండు దాగులున్నయి," అన్నాడు వేలు చూపిస్తూ. "గీడొకటి సన్నది."

అట్ట పట్టుకున్న అమ్మాయి వెనక్కి తిరిగింది. ఆమె సోనాలి. మగ్గాలున్న తెలుగు వాళ్ళింటి పిల్ల, జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతుంది, మండలిలో సూర్యుడి పని చూసేది ఆమే. పెద్ద మచ్చలు రెండూ ఆమెకు తెలుసు. మూడోదాని కోసం సంచీలోంచి భూతద్దం తీయాల్సి వచ్చింది.

"కాకా, మీ నజర్ ఏంది గింత తేజ్?" అంది.

ముప్పై ఏళ్ళుగా ఆ కళ్ళ వల్ల అతను తిట్లు తిన్నాడే గాని ఒక మంచిమాట విన్నది లేదు. గీత పెడితే నేసినవాడికి కోపం, పెట్టకపోతే మెహతాకు కోపం. ఒక్క గీతతో ఎవరి కూలో కోతపడుతుందని తెలిసి కూడా పెట్టాలి. సూర్యుడిలో మచ్చ దొరికితే ఎవరి కడుపూ మాడదు. పైగా దాన్ని చూసి ఒక చదువుకున్న పిల్ల సంబరపడింది. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తూ లక్ష్మీనర్సయ్య తనలో తాను నవ్వుకున్నాడు, అది అతనికి బాగా గుర్తు.

నెల తిరక్కముందే సోనాలి ఒక చిన్న దూరదర్శినీ, గుండ్రాలు అచ్చేసిన కాగితాల కట్టా తెచ్చి ఇచ్చింది. పని చెప్పడానికి సులువే. మబ్బు లేని ప్రతి పొద్దునా సూర్యుడిని ఆ గుండ్రం లోకి సరిగ్గా పడేలా చేసి, మచ్చలున్న చోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టాలి. ఎన్నున్నాయో లెక్క రాయాలి, తేదీ రాయాలి. మబ్బుంటే మబ్బని రాయాలి. జీతం లేదు, భత్యం లేదు. బట్ట చూసేవాళ్ళకు సెలవైన ఆదివారాలు మండలి వాళ్ళు బడుల్లో సూర్యుడిని చూపించేటప్పుడు బల్లలు మోయడం, పిల్లల్ని వరుసలో నిలబెట్టడం కూడా ఇతని నెత్తినే పడింది. వద్దనలేదు.

చెయ్యడం అంత సులువు కాదు. ఉండే ఖోలీ కింద మగ్గాలు, పక్క ఇంటి కిందా మగ్గాలు. అవి ఆడుతుంటే టెర్రస్ అదురుతుంది, కాగితం మీద సూర్యుడూ అదురుతాడు. ఊపిరి బిగబట్టి గుర్తులు పెట్టేవాడు. మగ్గాలకు సెలవైన శుక్రవారం మాత్రం కాస్త తెరిపి. అద్దాల మీద రోజూ దూది నుసి. కిందినుంచి బుచ్చమ్మ కేకలు, చాయ్ చల్లారిపోతోందని. దిగి వచ్చి, చల్లారిన చాయ్ తాగి, కార్ఖానాకు పరుగు. జ్వరమొచ్చిన రోజులు కూడా ఎక్కాడు. వానాకాలం నాలుగు నెలలూ తప్పితే నాగా లేదు. అలా మూడేళ్ళలో ఆరువందల పైచిలుకు కాగితాలయ్యాయి.

మూడేళ్ళనే మాటకు ఒక అర్థం ఉంది. దేశం నలుమూలల నుంచి ఇలాంటి లెక్కలు తెప్పించి కలిపే సంఘం ఒకటుంది. మూడేళ్ళు ఒకే మనిషి, ఒకే తీరుగా చూసిన లెక్కయితేనే వాళ్ళు తీసుకుంటారు. తీసుకున్నాక ఆ మనిషి పేరు పట్టికలో ఎక్కుతుంది, అతను చూసింది చూసినట్టు చెల్లుతుంది. లక్ష్మీనర్సయ్య ఎవరికీ చెప్పలేదు గాని, ఆ పట్టిక కోసం అతని కళ్ళు కాయలు కాచాయి. బతుకులో ఒక్కసారైనా తన చూపుకు విలువ కట్టేది మెహతా కాకుండా ఇంకెవరైనా కావాలని అతని ఆశ.

ఈ దీపావళి వెళ్ళిన ఆదివారం, కాగితాలు పంపే ముందు సరిచూడాలని సోనాలి పిలిచింది. నిజాంపురా బడిలో ఒక గది, నాలుగు బెంచీలు. ఇతని కాగితాల పక్కన అవే తేదీలకు పుణెలో ఇంకొకాయన గీసినవి పెట్టుకుని కూర్చుంది. ముఖం చూస్తేనే తెలిసింది, ఏదో తేడా వచ్చిందని.

"కాకా, మీ లెక్క రోజూ తక్కువొస్తున్నది. చూడండి, ఈ పక్కకు రెండు మచ్చలున్నయి. మీ దాంట్ల లేవు. దిసలే నాహీ కా, కనబడలేదా?"

"కనబడ్డయి."

"మరి గియ్యలేదేంది?"

"అంచుకున్నయి గద బిడ్డా," అన్నాడు, అది అడగాల్సిన మాటే కాదన్నట్టు. "అంచుకున్నయి లెక్కల పట్టరు."

సోనాలికి అర్థం కాలేదు. అప్పుడు అతను చెప్పుకొచ్చాడు. పనిలో చేరిన మొదటి రోజు మెహతా అతని చెయ్యి పట్టుకుని బట్ట అంచు మీద పెట్టి నేర్పిన సంగతి అది. "కినార్ కో మత్ దేఖ్. కినార్ సిలాయీ మే జాతా హై." అంచు కుట్టులో మునిగిపోతుంది, అక్కడ తప్పున్నా తప్పు కాదు. రెండు వేళ్ళ వెడల్పు వదిలేసి చూడాలి. తాకాలు చూసే ప్రతివాడికీ ఇది తెలుసు. సూర్యుడికి వేరే పద్ధతి ఉంటుందని అతనికెవరూ చెప్పలేదు. అలాంటి మాట చెప్పాల్సి వస్తుందని సోనాలికి మాత్రం ఏం తెలుసు! ఆమెకు ముందు నవ్వొచ్చింది, ఇతని ముఖం చూసి ఆపుకుంది.

మచ్చలు ఒక అంచున పుట్టుకొచ్చినట్టు కనబడి, నడుమ నుంచి సాగి, రెండో అంచున మాయమవుతాయి. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఇతను ప్రతి మచ్చనూ వదిలేశాడు. ఆరువందల కాగితాల్లోనూ అంచు చుట్టూ తెల్లగా ఉంది. లక్ష్మీనర్సయ్య నాలుగైదు కాగితాలు తిరగేసి చూశాడు. ఒళ్ళంతా ఒక్కసారిగా బరువెక్కి బెంచీ మీద కూలబడ్డాడు.

"ఏం కాలేదు కాకా, టెన్షన్ తీసుకోకండి," అంది సోనాలి. ఆమె అప్పటికే దారి వెతికి పెట్టింది. అందరి చూపూ ఒకలా ఉండదు. ఒకరికి ఎక్కువ కనబడతాయి, ఒకరికి తక్కువ. ఎప్పుడూ ఒకే తీరుగా తక్కువ పడితే దాన్ని ఒక అంకెతో హెచ్చించి సరిచేసుకుంటారు. ఇతని అంకె తీస్తే బాగానే కుదిరింది, సంఘం వాళ్ళూ సరేనన్నారు. "ఒక్కటే షరతు. ఇంతకుముందు ఎట్ల చూసిండ్రో ఇకముందు గట్లనే చూడాలె. అంచుకున్నవి వదిలెయ్యండి. పద్ధతి మార్చొద్దు."

"కనబడ్డా?"

"కనబడ్డా సరే, గియ్యకండి. గీస్తే లెక్క తెగిపోతది. నడిచే లెక్కనే తీసుకుంటరు వాళ్ళు, ఆగిపోయింది తీసుకోరు. మల్ల సున్న నుంచి, మూడేండ్లు. శుక్రారం దుపారకల్ల పంపాలె. ఆ రోజు పొద్దుటి కాగితం ఒకటి గీసి నాకు ఫోన్ చెయ్యండి, చాలు."

ఆ పిల్ల మనసు మంచిది, చెప్పిందీ అతని మేలు కోరే. అయినా ఆ మాట అతని చెవిన మెహతా గొంతుతోనే పడింది. కినార్ కో మత్ దేఖ్. సూర్యుడి దగ్గర కూడా ఈ మాట తప్పలేదనుకున్నాడు.

ఇంట్లో చెబితే బుచ్చమ్మ జొన్నరొట్టె తిప్పుతూ విన్నది. ఆమె అలసట ఆమెది. పొద్దంతా నూలు కండెలు చుట్టి వచ్చి, మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి.

"ఉన్నదున్నట్టు ఇచ్చెయ్యరాదు. నీకేం పోతది? పేరొస్తది అంటున్నవు గద."

"చూసింది చూడలేదని రాయాలె, బుచ్చమ్మా."

"గిప్పుడేమన్న కొత్తనా నీకు?" అంది ఆమె. ఎత్తిపొడుపు కాదు, ఉన్న మాటే అంది. అతనికి ఆ రొట్టె గొంతు దిగలేదు.

నాలుగు రోజులు తాకాలు చూస్తూ ఇదే ఆలోచించాడు. సున్నా నుంచి మొదలుపెడితే అరవై దాటుతాయి. ఎడమ కంటిలో మోతిబిందు, అంటే శుక్లం, మొదలైందని దవాఖానాలో చెప్పి ఆరు నెలలైంది, ఇంకా ఎవరికీ చెప్పలేదు. కుడి కన్ను ఎంతకాలం ఆగుతుందో తెలియదు. ఈ పట్టిక చేతికి అందినట్టే అందింది, ఇప్పుడు వదిలితే మళ్ళీ రాదు. వదలకూడదనే గురువారం దాకా గట్టిగా అనుకున్నాడు. రెండు చుక్కలు పెట్టకపోతే మునిగిపోయేదేముంది, ముప్పై మూడేళ్ళు పెట్టలేదు కదా.

శుక్రవారం మగ్గాలు ఆడలేదు. టెర్రస్ నిశ్చలంగా ఉంది. కాగితం మీద సూర్యుడు గీత గీసినంత స్పష్టంగా నిలిచాడు. నడుమ నాలుగు మచ్చలు, నాలుగూ గీశాడు. తూర్పు అంచున, గుండ్రానికి ఆనుకుని, సన్నగా పొడుగ్గా ఒకటి కొత్తగా వచ్చి ఉంది. నలకేమోనని కాగితం కదిపి చూశాడు. నలక కాదు. పెన్సిలు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బుచ్చమ్మ రెండుసార్లు కేకేసింది. సూర్యుడు మెల్లగా కాగితం దాటి పోతుంటే లేచి దూరదర్శిని సర్దాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. మూడోసారి లేచినప్పుడు ఆ అంచు మచ్చను గీసేశాడు. గీత సరిగ్గా పడింది.

తర్వాత ఫోన్ చేశాడు.

"బిడ్డా, నడుమ నాలుగు. అంచుకొకటి. ఐదు రాసిన."

"కాకా, పాతయన్నీ పోతయి. ఎర్కేనా?"

"ఎర్కే."

"మల్ల మూడేండ్లు ఆగుతరా? సచ్ బోలో."

"ఆగుతనో లేదో నాకేం ఎర్క బిడ్డా. ఒక కంట్ల మోతిబిందున్నది." ఆ మాట మొదటిసారి పైకి అన్నాడు. "గని కనబడ్డదాన్ని కనబడలేదనుడు నాతోని అయితలేదు ఇగ. అలిసిపోయిన. పని జేసి కాదు, గా పని జేసి అలిసిపోయిన."

సోనాలి "తారీఖు పక్కన కొత్త లెక్క, ఒకటో నంబర్ అని రాయండి కాకా," అంది. అతను రాశాడు. ఆరువందల కాగితాల మీద బెంగ అప్పుడు వచ్చింది. టెర్రస్ మీద ఎవరూ లేరు కాబట్టి కండువాతో ముఖం కప్పుకుని కాసేపు ఏడ్చాడు. ఆ తర్వాత దిగి వచ్చి చాయ్ వేడి చేసి ఇమ్మని అడిగాడు.

శనివారం ఎనిమిదికి మళ్ళీ బల్ల ముందు నిలబడ్డాడు. మూడో తాకా సగంలో, అంచున జానెడు మేర పోగులు తెగి, అతని వేళ్ళ కింద గరుగ్గా తగిలింది. సుద్ద చేతిలోనే ఉంది. బల్ల అవతల మెహతా నిలబడి ఉన్నాడు. లక్ష్మీనర్సయ్య గీత పెట్టలేదు, బట్టను ముందుకు లాగాడు. ఇలాంటివి ముప్పై మూడేళ్ళలో ఎన్ని లాగేశాడో మొదటిసారి లెక్కేద్దామని చూశాడు. వాటికి కాగితాలు లేవు.