కరెంటు పోయినాక బొమ్మ ఊపిరి

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. ఇది నా చెవులతో నేను విన్నది. దయ్యాల కథలు చెప్పే అలవాటు నాకు లేదు. కడపలో ఒక మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్తాను. రోగిని ఎలా ముట్టుకోవాలి, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి ఏం వినాలి... ఇన్నేళ్లుగా పిల్లలకు నేర్పుతున్నది ఇదే.

మా పిల్లలకు ఒక జబ్బుంది. గుండె చప్పుడులో తేడా వినపడిందా అని అడిగితే చాలు, వినపడకపోయినా గంగిరెద్దులా తల ఊపేస్తారు. పక్కవాడు ఊపాడు కదా మరి! నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వినపడకపోతే వినపడలేదని చెప్పాలి. లేనిది ఉందనే డాక్టరు రోగి ప్రాణం మీదికి తెస్తాడు.

షరీఫ్ ఇలా తల ఊపి నాకు రెండుసార్లు దొరికిపోయాడు. వాళ్ల నాన్న ఎర్రగుంట్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే కూలీ. ఇంకోసారి అబద్ధమాడితే ఫైనల్ పరీక్షకు సంతకం పెట్టను, ఆరు నెలలు ఇంట్లో కూర్చుంటావు అని అందరి ముందే చెప్పాను. చివరి అవకాశంగా ఆ రాత్రి వార్డు పని అయ్యాక స్కిల్స్ ల్యాబ్‌కు రమ్మన్నాను.

అక్కడ మంచం మీద ఒక బొమ్మ ఉంటుంది. నిలువెత్తు మనిషి. స్విచ్ వేస్తే ఛాతీలోని స్పీకర్లలోంచి గుండె చప్పుడు, ఊపిరి చప్పుడు వస్తాయి. బ్యాటరీ లేదు. కరెంటు లేకపోతే అది ఉత్త రబ్బరు.

మామూలు ఊపిరి పెట్టి, వినమన్నాను. వాడు స్టెతస్కోపు ఆనించాడో లేదో... కరెంటు పోయింది. ఫ్యాను మెల్లమెల్లగా తిరిగి... ఆగింది. చీకటి.

"ఉండప్పా, జనరేటర్ వేస్తారు" అన్నాను.

వేయలేదు. వాడు మాత్రం స్టెతస్కోపు తీయలేదు.

"మేడమ్... ఊపిరి వినపడతాండాది."

నాకు ఒళ్లు మండింది. "కరెంటు పోయిన బొమ్మకు ఊపిరి యాడిదప్పా? మళ్లా మొదలుపెట్టినావా?"

"అల్లా మీద ఒట్టు మేడమ్. లేకుంటే లేదనే చెప్పుంటా. ఉండాది. మీరే వినండి."

ఫోన్ లైటు వేశాను. నా స్టెతస్కోపు ఆ రబ్బరు ఛాతీ మీద పెట్టాను. ఏమీ లేదు. ఇంకేం వినాలి, సంతకం లేదు పో అనబోయాను...

హ్...

లోపలికి. సన్నగా. కాసేపు ఆగింది. తర్వాత... బయటికి.

నా ఊపిరేనేమోనని బిగబట్టి చూశాను. అయినా వస్తోంది. ఒక పక్కన అడుగున గరగర కూడా ఉంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరినవాళ్ల దగ్గర వినపడే గరగర. నేను పెట్టింది మామూలు ఊపిరి కదా! నాకు భయమేసింది. నిజంగా భయమేసింది. చెయ్యి తీద్దామంటే రాలేదు.

అయినా నోరు ఊరుకోదు కదా, పాఠం చెప్పే నోరు. "ఏ దిక్కు?" అని అడిగాను.

"కుడి దిక్కు మేడమ్. కింద. గరగరమంటాండాది."

నేను విన్నదీ అక్కడే.

"మీకూ వినపడిందా మేడమ్?"

"వినపడింది" అన్నాను.

కరెంటు వచ్చింది. బొమ్మ శుభ్రంగా, మామూలుగా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. గరగర లేదు. అక్కడికక్కడే వాడి కాగితం మీద సంతకం పెట్టాను. అక్షరాలు వంకర పోయాయి.

"చీకట్లో చెవులు హోరెత్తుంటాయిలే మేడమ్" అంటాడు ఫిజియాలజీ సారు. అయ్యుండొచ్చు. కానీ కుడివైపని నేను నోరు విప్పకముందే వాడన్నాడే!

షరీఫ్ పాసయ్యాడు. ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలకు ముందు స్విచ్ వేయకుండానే ఆ బొమ్మను వినిపిస్తాను. "ఏమీ వినపడలేదు మేడమ్" అని ధైర్యంగా చెప్తారు. నాకు సంతోషమే. మొన్న ఒక పిల్ల నవ్వుతూ, "మీరూ వినండి మేడమ్" అని స్టెతస్కోపు నా చేతికివ్వబోయింది.

నేను తీసుకోలేదు.